పదమూడు వందల సీసీ, అంతకు మించిన అపోహలు

జనవరి నెలాఖరు: ఇంజిన్ దిగింది

మారుతీ జిప్సీ. 1298 సీసీ, 16 వాల్వులు, పెట్రోలు ఇంజెక్షన్, కంపెనీ కాగితం మీద 80 హార్స్‌పవర్. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో సూపర్‌వైజర్లను ఎక్కించుకుని ఏళ్ళ తరబడి గుంటలు దిగి ఎక్కిన బండి. ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్కన మా బావమరిదికి ఉన్న షెడ్డులోకి వచ్చి చేరింది. దీన్ని మట్టి రోడ్డు మీద జరిగే కారు పోటీకి, అంటే ర్యాలీకి, నిలబడేలా తయారు చేయాలని మా పథకం. పనివాళ్ళం ముగ్గురం: నేను, బావమరిది, మా మేస్త్రీ గారు. సలహాలిచ్చేవాళ్ళకు లెక్క లేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. బానెట్ ఎత్తి ఉన్న బండి పక్కన నిలబడ్డవాడైతే మరీ లోకువ. టీ తాగడానికి ఆగినవాళ్ళు కూడా ర్యాలీ ఇంజిన్ ఎలా ఉండాలో చెప్పి వెళుతున్నారు. పని వివరాలు రాసుకుందామని మొదలుపెట్టిన ఈ డైరీలో సగం చోటు ఆ మాటలకు జవాబులే ఆక్రమించాయి.

దించేముందు కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో, గేజితో చూశాం. మూడో సిలిండర్ మిగతా మూడింటికంటే బాగా తక్కువ. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే గేజి ముల్లు లేచి కూర్చుంది. అంటే గాలి పోతున్నది వాల్వుల దగ్గర కాదు, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల దగ్గర. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా రబ్బరు అంచు ఒక మూల చిరిగి ఉంది. ఫిల్టర్ దాటాక ఉండే గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే బూడిదరంగు పొడి అంటింది. గ్రానైట్ పొడి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే గరగరమంది. సిలిండర్ గోడకూ రింగుకూ మధ్య జరిగింది కూడా ఇదే.

ఫిబ్రవరి: ఫిల్టర్ గొడవ

మొదటి అపోహ అక్కడే ఎదురైంది. "అన్నా, ఈ డబ్బా తీసేసి పైన కప్పు లేని కోన్ ఫిల్టర్ పెట్టించు. ర్యాలీ కార్లకు అసలు ఫిల్టర్లే ఉండవు తెలుసా?" అన్నాడు పక్క వీధి కుర్రవాడు. కెన్యాలో జరిగే సఫారీ ర్యాలీలో ప్రపంచ స్థాయి కార్లు గాలి పీల్చే గొట్టాన్ని అద్దం పక్కనుంచి కప్పు ఎత్తుకు తీసుకువెళ్ళేవి. దుమ్మూ నీళ్ళూ ఇంజిన్‌లోకి రాకుండా అంత అవస్థ పడ్డారు. ఫిల్టరే అక్కర్లేకపోతే ఆ గొట్టం ఎందుకు?

కోన్ ఫిల్టర్‌తో ఇంకో తిప్పలు ఉంది. అది బానెట్ కింద ఇంజిన్ వేడిలో కూర్చుంటుంది. బయట గాలి 35 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 60 ఉంటుందనుకుందాం. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఈ తేడాకే ఇంజిన్‌కు అందే గాలి బరువు ఏడెనిమిది శాతం తగ్గిపోతుంది. హుమ్మని వినిపించే ఆ కొత్త శబ్దం విని పికప్ పెరిగిందనుకుంటారు. ఒంగోలు మే నెలలో అది నిజంగా తగ్గుతుంది.

మేము కంపెనీ డబ్బానే ఉంచాం. అంచుకు కొత్త రబ్బరు వేసి, మూత మూసే ముందు అంచు చుట్టూ పలచగా గ్రీజు రాశాం. దుమ్ము దారి చేసుకుంటే ఆ గ్రీజు మీద గీతలా కనిపిస్తుంది. గాలి గొట్టం మూతిని హెడ్‌లైటు వెనక చల్లటి చోటికి మళ్ళించాం. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ఫిబ్రవరి మూడో వారం: నెల్లూరులో బోరింగ్

సిలిండర్లు ఉండే దిమ్మను, అంటే బ్లాకును, నెల్లూరు ఆటోనగర్‌కు తీసుకువెళ్ళాం. కంపెనీ బోరు (సిలిండర్ వ్యాసం) 74 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75.5. మూడో సిలిండర్ అరిగిన తీరు చూసి అర మిల్లీమీటరు ఓవర్‌సైజు పిస్టన్లకు వెళ్ళాల్సి వచ్చింది.

"బోరు పెరిగింది కాబట్టి పవర్ దంచేస్తుంది బావా" అని బావమరిది సంబరపడ్డాడు. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. 74 మిల్లీమీటర్ల బోరుతో 1298 సీసీ. 74.5తో సుమారు 1316. పెరిగింది పద్దెనిమిది సీసీ, అంటే ఒకటిన్నర శాతం లోపు. ఎనభై హార్స్‌పవర్‌లో అది ఒక్క గుర్రం. ఓవర్‌సైజు చేసేది అరిగిన గోడను మళ్ళీ గుండ్రంగా, నిటారుగా చేయడానికి. పోటీకి వెళ్ళేవాళ్ళు తమ తరగతి నిబంధనల్లో ఎంతవరకు ఒప్పుకుంటారో చూసుకుని మరీ బోరింగ్‌కు వెళ్ళాలి.

సిలిండర్ గోడను రాయితో సానపట్టే హోనింగ్ దగ్గర ఇంకో మాట వినిపించింది. గోడలు అద్దంలా మెరవాలట. ఆ షాపు పెద్దాయన ఏమీ వాదించలేదు. రాయి తిప్పుతూ పైకీ కిందికీ ఆడించి, టార్చి వేసి లోపలికి చూడమన్నారు. గోడంతా సన్నటి గీతలు, ఒకదాన్నొకటి వాలుగా కోసుకుంటూ అల్లిక వేసినట్టు ఉన్నాయి. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది, కొత్త రింగులు కుదురుకునేదీ వాటి మీదే. అద్దంలా ఉంటే ఆయిల్ నిలవదు, రింగు సర్దుకోదు, ఆ తరువాత నీలం పొగ.

మాటల్లో చోళవరం ప్రస్తావన వచ్చింది. నెల్లూరు నుంచి మద్రాసు రోడ్డు పట్టుకుంటే దారిలోనే ఉంటుంది. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు కారు పందేలు జరిగిన చోటు. కుర్రతనంలో లారీ ఎక్కి వెళ్ళి చూసి వచ్చేవాళ్ళమని పెద్దాయన చెప్పారు. "అప్పుడూ ఇదే గొడవ నాయనా. పెద్ద ఇంజిన్ గెలుస్తుందా, చిన్నది గెలుస్తుందా అని." చిన్న ఇంజిన్ వైపు సాక్ష్యాలు గట్టివే ఉన్నాయి. 1964లో మాంటే కార్లో ర్యాలీని ప్యాడీ హాప్‌కిర్క్ 1071 సీసీ మినీ కూపర్ ఎస్‌లో గెలిచాడు. అంతకుముందు 1962, 1963లో అదే ర్యాలీని ఎరిక్ కార్ల్‌సన్ గెలిచింది 841 సీసీ సాబ్‌లో. మూడు సిలిండర్ల టూ స్ట్రోకు ఇంజిన్ అది. మా జిప్సీ వాటి పక్కన పెద్ద బండే.

మార్చి మొదట్లో: సిరంజితో కొలతలు

ఈ పని అందరికీ విసుగు, నాకు ఇష్టం. సిలిండర్ల మీద మూతలా కూర్చునే హెడ్డును తిరగేసి, ప్లగ్గు బిగించి, దహన గది అంచుకు గ్రీజు రాసి, మధ్యలో చిన్న రంధ్రం ఉన్న అక్రిలిక్ పలకను దాని మీద నొక్కి పెట్టాలి. మందుల షాపులో దొరికే సిరంజితో కిరోసిన్‌ను ఆ రంధ్రంలోంచి కొద్దికొద్దిగా వదలాలి. పలక కింద గాలి బుడగ చిన్నదవుతూ చివరికి ఆవగింజంత అవుతుంది. హెడ్డును కాస్త వాల్చితే అది రంధ్రం దగ్గరికి జారి మాయమవుతుంది. అప్పుడు సిరంజి అంకె చూసి రాసుకోవాలి. నాలుగు గదులకూ ఇదే.

ఎందుకింత శ్రమ? పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీని బట్టే కంప్రెషన్ నిష్పత్తి ఉంటుంది. ఒక్కో సిలిండర్ 329 సీసీ పీలుస్తుంది. పైన మిగిలే మొత్తం ఖాళీ, గ్యాస్కెట్ మందంతో కలిపి 38 సీసీ అయితే నిష్పత్తి 9.7కు కాస్త తక్కువ. అదే 36 అయితే పది దాటుతుంది. రెండు సీసీ అంటే అరచెంచా కూడా కాదు. హెడ్డు అడుగును చదునుగా కోసే ఫేసింగ్ చేయించేటప్పుడు "ఇంకో రెండు కోతలు వేయండి" అని తేలిగ్గా అనేవాళ్ళకు ఈ అరచెంచా చూపించాలి.

కంప్రెషన్ ఎంత పెంచితే అంత మంచిదన్న మాట సగమే నిజం. పెంచితే అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబట్టవచ్చు. కానీ ప్లగ్గు మంట తన దాకా రాకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలితే పిస్టన్ తల గుల్లవుతుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఆ పేలుడును తట్టుకుంటుంది, అంతే. అందులో అదనపు శక్తి ఏమీ దాగి లేదు. మామూలు నిష్పత్తి ఉన్న ఇంజిన్‌లో ఖరీదైన పెట్రోలు పోసి "లాగుడు పెరిగింది" అనేవాళ్ళకు పెరిగింది ఖర్చే. మేము నాలుగు గదుల్నీ సమానం చేసి, ఒంగోలు బంకులో దొరికే మామూలు పెట్రోలుకు సరిపడే నిష్పత్తి దగ్గర ఆగాం.

మార్చి, ఒక ఆదివారం: గ్రూప్ బి పంచాయితీ

ఆ రోజు పని తక్కువ, మాటలు ఎక్కువ. బావమరిది స్నేహితుల మధ్య గ్రూప్ బి ప్రస్తావన వచ్చింది. 1980లలో ర్యాలీలను ఊపేసిన కార్లు. వెయ్యి హార్స్‌పవర్ ఉండేదని ఒకరు, లాన్సియా డెల్టా ఎస్4లో హెన్రీ తొయివొనెన్ పోర్చుగల్‌లోని ఎస్తోరిల్ ట్రాక్ మీద తిరిగితే ఆ టైముకు 1986 ఫార్ములా వన్ పందెం స్టార్టింగ్ వరుసలో ఆరో స్థానం దక్కేదని ఇంకొకరు.

ఈ ఎస్తోరిల్ కథ ఎప్పుడు విన్నా బాగుంటుంది. లెక్కకు మాత్రం నిలబడదు. డెల్టా ఎస్4 బరువు 890 కిలోల చుట్టూ, శక్తి 480 హార్స్‌పవర్ చుట్టూ. 1986 ఫార్ములా వన్ కారు కనీస బరువు 540 కిలోలు, స్టార్టింగ్ వరుస తేల్చే క్వాలిఫయింగ్‌కు పెట్టే టర్బో ఇంజిన్లు (పొగ బలంతో తిరిగే చక్రంతో అదనపు గాలిని లోపలికి నెట్టేవి) వెయ్యి హార్స్‌పవర్ దాటేవి. కిలోకు ఎంత శక్తి అని చూస్తే మూడింతలకు పైగా తేడా. దానికితోడు ఆ కార్లను నేలకు అదిమిపెట్టే రెక్కలు, వెడల్పాటి మెత్తటి టైర్లు. తొయివొనెన్ అసాధారణ డ్రైవరే. అంతమాత్రాన ఈ తేడా పూడదు. అదే ఏడాది మే నెలలో కోర్సికా ర్యాలీలో అతనూ, సహచరుడు సెర్జియో క్రెస్టో చనిపోయారు. 1987 నుంచి గ్రూప్ బి ఆగిపోయింది.

ఎస్4 ఇంజిన్ 1759 సీసీయే ఎందుకు? అందులో ఏదో రహస్య విద్య ఉందంటారు. నిబంధనల పుస్తకమే ఆ రహస్యం. టర్బో, సూపర్‌చార్జర్ లాంటి గాలి నెట్టే పరికరాలు ఉన్న ఇంజిన్ సీసీని అప్పట్లో 1.4తో హెచ్చించి తరగతి నిర్ణయించేవారు. 1759ని 1.4తో హెచ్చిస్తే 2463. రెండున్నర లీటర్ల లోపు తరగతి, ఆ తరగతికి తక్కువ కనీస బరువు. పూజో 205 టీ16 ఇంజిన్ 1775 సీసీ కావడానికీ ఇదే లెక్క.

"పోనీ ఆ తరువాతి కార్లలో టర్బో బూస్టు, అంటే గాలిని నెట్టే ఒత్తిడి, పెంచుకుంటే సరిపోయేదిగా?" అన్నాడు కుర్రవాడు. ర్యాలీ ఇంజిన్ గురించి ఒక్క విషయం తెలుసుకోవాలంటే ఇదే తెలుసుకోవాలి. 1995లో ప్రపంచ ర్యాలీ కార్ల టర్బో ముందు 34 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ తప్పనిసరి అయింది. ఇంజిన్ పీల్చే గాలంతా ఆ రంధ్రంలోంచే రావాలి. రంధ్రంలో గాలి ధ్వని వేగం అందుకున్నాక, వెనక టర్బో ఎంత లాగినా అంతకంటే ఎక్కువ గాలి రాదు. పెళ్ళి భోజనాల హాలుకు ఒక్కటే తలుపు ఉంటే, లోపల ఎన్ని విస్తళ్ళు వేసినా నిమిషానికి లోపలికి వచ్చేవాళ్ళు అంతమందే.

షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో లెక్క కట్టాం. 34 మిల్లీమీటర్ల రంధ్రం వైశాల్యం సుమారు తొమ్మిది చదరపు సెంటీమీటర్లు. సముద్రమట్టం దగ్గర మామూలు వేడిలో దానిలోంచి సెకనుకు గరిష్ఠంగా 0.22 కిలోల గాలి వెళుతుంది. పన్నెండున్నర పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున సెకనుకు 17 గ్రాములు. గ్రాముకు 43 కిలోజౌళ్ళు. అందులో మూడోవంతు కంటే కొంచెం తక్కువే పనిగా మారుతుంది కాబట్టి ముప్పై శాతం వేసుకుంటే 220 కిలోవాట్లు, అంటే దాదాపు 300 హార్స్‌పవర్. ఆ కాలంలో ప్రతి కంపెనీ తన ర్యాలీ కారుకు 300 అని రాసుకుంటే అందరూ కూడబలుక్కుని అబద్ధం చెబుతున్నారని అనుకునేవాళ్ళు. తలుపు మీది లెక్క కూడా అక్కడికే వచ్చింది. 2011లో 33 మిల్లీమీటర్లకు తగ్గించిన రంధ్రాన్ని 2017లో 36కు పెంచితే 1.6 లీటర్ల ఇంజిన్లు 380 దాకా వెళ్ళాయి.

ఈ రంధ్రం విలువ ఎంతో తెలియాలంటే 1995 కాటలున్యా ర్యాలీ చూడాలి. టొయోటా సెలికా టర్బోలో రెస్ట్రిక్టర్ పక్కనుంచి కూడా గాలి వెళ్ళేలా రహస్య ఏర్పాటు దొరికింది. గొట్టం బిగించినప్పుడు రెస్ట్రిక్టర్ ఐదు మిల్లీమీటర్ల దాకా పక్కకు జరుగుతుంది. తనిఖీకి గొట్టం విప్పితే స్ప్రింగు దాన్ని బుద్ధిమంతుడిలా మళ్ళీ తన చోట నిలబెడుతుంది. పాయింట్లు పోయాయి, పన్నెండు నెలల నిషేధం పడింది. మేస్త్రీ గారు ఈ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. మోసం నచ్చి కాదట, ఆ స్ప్రింగు పనితనం నచ్చి.

మార్చి చివర: ఎన్ని వేలు తిరగాలి

"ర్యాలీ ఇంజిన్ అంటే నిమిషానికి తొమ్మిది వేలు తిరగాలి అన్నా." పై లెక్క అర్థమైతే ఈ అపోహ దానంతట అదే పడిపోతుంది. గాలి రాక ఆగిపోయాక ఎక్కువ తిప్పితే పెరిగేది రాపిడి మాత్రమే. 1996 నుంచి 1999 దాకా టామీ మాకినెన్‌కు వరుసగా నాలుగు ప్రపంచ టైటిళ్ళు తెచ్చిన లాన్సర్ ఇంజిన్ 1997 సీసీ, పోత ఇనుము బ్లాకు, 85 మిల్లీమీటర్ల బోరుకు 88 స్ట్రోకు. దాని గరిష్ఠ శక్తి ఆరు వేల చుట్టుపక్కలే వచ్చేది. మలుపులోంచి బయటపడేటప్పుడు మూడున్నర వేల దగ్గర ఎంత బలంగా లాగుతుందన్నదే వాళ్ళకు ముఖ్యం.

టర్బో లేని కార్ల సంగతి వేరు. ఫిలిప్ బుగాల్‌స్కీ 1999లో కాటలున్యా, కోర్సికా ర్యాలీలు గెలిచిన సిట్రోయెన్ క్సారా కిట్ కారు రెండు లీటర్ల ఇంజిన్ గాలిని తనే పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువ తిరిగే తన శక్తి తెచ్చుకునేది. నున్నటి తారు రోడ్డు మీద, తేలికైన బండితో అది చెల్లింది.

మా ఇంజినూ టర్బో లేనిదే. అయినా కంపెనీ పెట్టిన హద్దు దాటించడం లేదు. 75.5 స్ట్రోకుతో ఏడు వేల దగ్గర పిస్టన్ సగటున సెకనుకు 17.6 మీటర్లు ప్రయాణిస్తుంది. పిస్టన్‌ను క్రాంకు ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు మీద పడే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. ఆరు వేలకూ ఎనిమిది వేలకూ మధ్య అది దాదాపు 1.8 రెట్లు. పాత రాడ్లు, పాత బోల్టులు పెట్టుకుని ఎనిమిది వేలంటే బ్లాకుకు కిటికీ పెట్టించుకోవడమే. ఆ శ్రమ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు మీద పెట్టాం. పొడవాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీల్చకుండా, పంపు మూతి చుట్టూ రేకు గోడలు వెల్డు చేసి, ఆయిల్‌ను లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వని చిన్న రేకు తలుపులు కీళ్ళతో బిగించారు మేస్త్రీ గారు. ఈ బండిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. బయటికి కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు.

ఏప్రిల్: శబ్దం, థర్మోస్టాట్

ఇంజిన్ ఎక్కాక సైలెన్సర్ దగ్గరికి వచ్చాం. పటాసుల్లా పేలాలని కోరిక ఉన్నవాళ్ళు చాలామందే. టర్బో ర్యాలీ కారు యాక్సిలరేటర్ వదలగానే పేలడం నిజమే. స్పార్కును ఆలస్యం చేసి, గాలీ పెట్రోలూ ఎగ్జాస్టులో మండేలా చేస్తారు. ఆ వేడి వాయువులు టర్బో చక్రాన్ని తిరుగుతూనే ఉంచుతాయి, మళ్ళీ తొక్కగానే బూస్టు సిద్ధం. దీన్నే యాంటీ లాగ్ అంటారు. ఎగ్జాస్టూ టర్బో ఆయుష్షూ దానికి బలి. టర్బోయే లేని జిప్సీలో ఆ పేలుళ్ళు పెట్రోలు తగలబెట్టడానికి తప్ప దేనికీ పనికిరావు.

దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: ఇంజిన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్, అంటే పొగను వెనక్కి నెట్టే అడ్డు, ఉండాలని. అక్కర్లేదు. కావలసింది పొగ వేగంగా బయటికి పోవడం. గొట్టం మరీ లావైతే తక్కువ తిప్పుడు దగ్గర ఆ వేగం పడిపోతుంది, లాగుడు తగ్గుతుంది. అది చూసి బ్యాక్ ప్రెషర్ పోయిందంటారు. మేము గొట్టం సైజు మార్చలేదు, నొక్కుకుపోయిన ఒక వంపును మాత్రం కొత్తగా వేయించాం.

ఇంజిన్ వేడెక్కాకే నీళ్ళను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను తీసేయమని చెప్పనివాళ్ళు లేరు. ఎండలున్న జిల్లా కదా, అది లేకపోతే ఇంజిన్ చల్లగా ఉంటుందని. పాత థర్మోస్టాట్‌ను గిన్నెడు నీళ్ళలో దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి స్టవ్ వెలిగించాం. దాని మీద 82 అని ముద్ర ఉంది. 80 దాటేదాకా ఉలుకూ పలుకూ లేదు. తరువాత ఇత్తడి పళ్ళెం వెంట్రుకవాసి కదిలి, నీళ్ళు మరగడం మొదలయ్యేసరికి పూర్తిగా తెరుచుకుంది. బాగానే పనిచేస్తున్న దాన్ని ఎందుకు తీయాలి? తీసేస్తే ఇంజిన్ తగిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఇంజిన్ కాగిపోతుంటే చూడవలసినవి రేడియేటర్, ఫ్యాన్, నీళ్ళ పంపు. మా రేడియేటర్ రెక్కల మధ్య క్వారీ మట్టి గట్టిపడి ఉంది. నీళ్ళతో కడిగితే బకెట్టు అడుగున అంగుళం మందం పేరుకుంది.

మే మొదటి వారం: మట్టి మీదికి

ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ లేచేదాకా స్టార్టర్‌తో తిప్పి, ఆ తరువాతే స్టార్ట్ చేశాం. కొత్త ఇంజిన్‌ను నలభై దాటకుండా నెమ్మదిగా తోలాలని అందరి మాట. రింగు వెనక్కి చేరే వాయువు ఒత్తిడే దాన్ని గోడకు ఒత్తి కుదిరేలా చేస్తుంది. మరీ మెత్తగా తోలితే ఆ ఒత్తిడే ఉండదు. అలాగని చివరిదాకా తొక్కలేదు. మూడో గేరులో సగం తొక్కి లాగించడం, వదిలి దానంతట దాన్ని నెమ్మదించనివ్వడం, మధ్యలో చల్లారనివ్వడం.

యజమాని అనుమతితో పాత క్వారీ దారిలో తిప్పాం. రెండో గేరులో మలుపు దాటి తొక్కితే ఇప్పుడు సంకోచం లేకుండా లాగుతోంది. ఎడమ మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు బెదరలేదు. ఫిల్టర్ డబ్బా విప్పితే గ్రీజు అంచు మీద దుమ్ము గీత లేదు.

చెన్నై తీసుకువెళ్ళి చక్రాల దగ్గర శక్తి కొలిచే డైనో మీద పెట్టాలని ఉంది. బావమరిది తొంభై వస్తుందని పందెం కాశాడు. కంపెనీ చెప్పే ఎనభై ఇంజిన్‌లోని క్రాంకు ఇరుసు దగ్గరిది. గేర్లూ, ట్రాన్స్‌ఫర్ కేసూ, యాక్సిళ్ళూ తమ వంతు తిన్నాక చక్రాల దగ్గర అరవై ఐదు కనిపించినా మా ఇంజిన్ బాగున్నట్టే. మేస్త్రీ గారు అరవై మూడు మీద వంద రూపాయలు పెట్టారు. నేను అరవై ఆరు మీద. దానికి ముందు కుడివైపు ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు మార్చాలి, గేరు మారుస్తుంటే కొట్టుకుంటోంది.